పైన అంతస్తు సరే, కింది పిల్లర్లు మోస్తాయా?

సంపాదకులకు నమస్కారం.

మన వరంగల్‌లో కరీమాబాద్, రంగశాయిపేట, శివనగర్, కాశిబుగ్గ... ఏ గల్లీలో తలెత్తి చూసినా స్లాబుల మీద పిల్లర్ల సలాకలు నిలబడి కనిపిస్తాయి. ఇల్లు కట్టిననాడు చేతిలో పైసలు అక్కడికే సరిపోతే, ‘పిల్లలు పెద్దయ్యాక పైన వేసుకుందాం’ అని వదిలేసినవి. ఇప్పుడు ఆ పిల్లలకు పెళ్లిళ్లు అవుతున్నాయి, కిరాయిలూ పెరిగాయి, దాంతో ఊరంతా పై అంతస్తు పనులే. వేసుకోవడం తప్పని నేననను. ఈ ధరల్లో కొత్తగా జాగ కొనే స్తోమత ఎంతమందికుంది? నా బాధల్లా ఒకటే. కింది ఇల్లు ఆ బరువు మోస్తుందో లేదో చూసే నాథుడు లేడు.

మొన్న మా గల్లీలో ఒక ఇంటి పని దగ్గర కాసేపు నిలబడ్డాను. ఏళ్ల తరబడి వానకు నానిన సలాకను మేస్త్రీ సుత్తితో కొడితే తుప్పు పెళ్లలు పెళ్లలుగా రాలింది. స్లాబు పైన మిగిలింది అడుగు కూడా లేదు. 12 ఎంఎం సలాకకు కొత్తది కలపాలంటే రెండూ సుమారు రెండడుగుల మేర పక్కపక్కన ఉండాలి, ఈ ల్యాపింగ్ లెక్క మేస్త్రీలకు కొత్త కాదు. అయినా ఆ అడుగుకే బైండింగ్ వైరు చుట్టి, సాయంత్రానికల్లా పిల్లర్ పోసేశారు. అడిగితే, “ఏం గాదు సారూ, అందరియి గిట్లనే ఉన్నయ్” అన్నాడు. ఆయన్ని అనీ లాభం లేదు. సలాక చాలనప్పుడు పిల్లర్ తల చెక్కి లోపలి ఇనుము తేల్చాలి, లేదంటే ఇంజినీరు చెప్పిన ప్రకారం రంధ్రం వేసి కెమికల్‌తో కొత్త సలాక నాటాలి. రెండింటికీ ఖర్చే. టైల్స్‌కూ ముందువైపు ఎలివేషన్‌కూ లక్షలు పోసే ఇంటాయనకు, ఈ ఖర్చు ముందు పెట్టమని చెప్పేదెవరు?

పిల్లర్లున్న ఇళ్ల సంగతే ఇలా ఉంటే, అంతకన్నా పాతవి చాలావరకు తొమ్మిదించుల గోడల మీద స్లాబు వేసినవే. పునాది ఎంత లోతు, కింద ఉన్నది మొరమా, రేగడా అన్నది ఆనాటి మేస్త్రీకే ఎరుక. హాలు పెద్దగా కనిపించాలని నడిమి గోడ తీసేసి, ఆ తర్వాత పైన అంతస్తు లేపిన ఇళ్లూ ఉన్నాయి. వాటి కింద సంసారాలు చేస్తున్నారు.

2020లో ఇళ్ల అనుమతులు ఆన్‌లైన్‌లోనే ఇచ్చే టీఎస్ బీపాస్ చట్టం వచ్చింది. 75 గజాల్లోపు జాగలో ఒక పై అంతస్తు వరకు రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. 600 గజాల వరకు, పది మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి. ఆఫీసుల చుట్టూ తిరిగే తిప్పలు తప్పినందుకు సంతోషమే. కానీ పూచీ మొత్తం ఇంటాయన నెత్తిన పడింది. నిబంధన మీరితే నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారమూ చట్టంలో ఉంది. సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) ఎంత, రోడ్డు వెడల్పెంత అంటే ఎవరైనా టేపు పట్టి చెబుతారు. పాత కాంక్రీటులో ఎంత బలం మిగిలిందో ఏ టేపుతో చెబుతారు?

2022 జూలై వానలకు మండిబజార్‌లో పాత భవనం పక్కింటి మీద కూలి ఇద్దరు చనిపోయారు. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే వరంగల్, హనుమకొండల్లోనూ జనం బయటికి ఉరికారు. ఆ నాలుగు రోజులు అందరం పగుళ్లు వెతికాం. తర్వాత పనులు మళ్లీ మామూలే.

గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌ను నేను కోరేది పెద్ద పనేం కాదు. పాత ఇంటి మీద అంతస్తు వేస్తామన్న ప్రతి దరఖాస్తుకూ, కింది కట్టడాన్ని పరీక్షించిన స్ట్రక్చరల్ ఇంజినీరు నివేదిక జతచేయాలని షరతు పెట్టాలి. కాంక్రీటు బలాన్ని అంచనా వేసే రీబౌండ్ హ్యామర్‌తో తట్టి చూడటం, ఒకచోట తవ్వి ఫుటింగ్ (పిల్లర్ కింది పునాది దిమ్మ) చూడటం మొత్తం ఇంటి ఖర్చులో ఎంత? ఫీజు మాత్రం కార్పొరేషనే ఖరారు చేయాలి, లేకపోతే అదీ ఒక దందా అవుతుంది. 1959 నుంచి ఇంజినీర్లను తయారుచేస్తున్న కాలేజీ, నేటి నిట్, మన కాజీపేట దారిలోనే ఉంది. అక్కడి సివిల్ విభాగంతో మాట్లాడుకుని వారానికొక రోజు సర్కిల్ ఆఫీసులో సలహా కేంద్రం పెడితే, జనం ప్లాను చేతపట్టుకుని వాళ్లే వస్తారు.

పైకి కాక పక్కకు పెంచేవాళ్ల గురించీ ఒక మాట. సందు మూసి గది వేస్తే ఆ వాన నీళ్లు పక్కింట్లోకో రోడ్డు మీదికో వస్తాయి. 2020లో, 2023లో మన కాలనీలు మునిగినప్పుడు నాలాల ఆక్రమణల గురించే మాట్లాడుకున్నాం గానీ, ఇంటింటికీ మూతపడ్డ ఈ సందుల లెక్క ఎవరూ తీయలేదు.

కార్తీకం దాటితే మళ్లీ స్లాబుల జోరు మొదలవుతుంది. షరతు పెట్టడానికి, తీర్మానాలకు సమయం పడుతుందంటే అర్థం చేసుకోగలం. పాత అనుమతుల ప్లాన్ కాపీలు రికార్డు గదిలోంచి తీసి అడిగినవాళ్లకు ఇవ్వడానికి ఏ తీర్మానమూ అక్కర్లేదు. ముందు అదైనా ఈ నెలలోనే మొదలుపెట్టాలి.

- ఒక పాఠకుడు, కరీమాబాద్, వరంగల్