మాప్టా పోటీకి దిగుతున్న శీనుకి

మల్లేశ్వరం, బెంగళూరు

ఒరేయ్ శీనూ,

ముగ్గురూ కలిసి ఎయిమ్స్-మాప్టా ఆప్టిమైజేషన్ పోటీకి (తక్కువ ఖర్చులో మేలైన జవాబు వెతికే లెక్కల పోటీకి) పేరిస్తున్నారని చదివి భలే సంతోషమేసింది. (ఈ ఎయిమ్స్ ఆసుపత్రి కాదనీ, మోడలింగ్ సాఫ్ట్‌వేర్ అనీ మీ అమ్మకి ముందే చెప్పు, లేకపోతే ఊరంతా నీకేమైందని అడుగుతారు.) కానీ ఉత్తరం నిండా బెండర్స్ డీకంపోజిషనా, కాలమ్ జనరేషనా అని పెద్ద లెక్కల్ని సాల్వ్ చేసే పద్ధతుల గోలేంట్రా? లెక్క చేతికి రాకముందే పద్ధతి ఎంచుకోవడం, పిల్ల కుదరకముందే శుభలేఖలు అచ్చేయించినట్టు ఉంది.

2009లో మొదలైన పోటీ ఇది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం బెత్లెహేమ్‌లో లీహై యూనివర్సిటీ ఉంది కదా, అక్కడి మాప్టా సదస్సుకి అనుబంధంగా జరుగుతుంది. పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులు జట్టుకి ముగ్గురికి మించకూడదు. లెక్కకి మోడల్ రాయాలి (ఖర్చునీ షరతుల్నీ సమీకరణాలుగా పెట్టాలి), సాల్వ్ చెయ్యాలి, రిపోర్టు పంపాలి. ఫైనల్‌కి చేరిన జట్లు సదస్సులో వేదికెక్కి చెప్పాలి. 2023లో ఇచ్చింది ఎలక్ట్రిక్ కార్ల ఛార్జింగ్ స్టేషన్లు ఎక్కడ పెట్టాలన్న లెక్క. దాన్నే పట్టుకుని చెప్తాను, ఏ లెక్కొచ్చినా ఇలాంటి గుంటలే ఉంటాయి.

ముందు పని పంచుకోండి. ఒకరు మోడల్ రాస్తారు, ఒకరు రిపోర్టూ బొమ్మలూ చూస్తారు. మూడోవాడు మోడల్ జోలికే పోకూడదు. వాడు ప్రశ్నపత్రం ఒక్కటే చదివి తనిఖీ ప్రోగ్రాం రాయాలి. జవాబు ఫైలు ఇస్తే చాలు, ప్రతి కారూ తన రేంజిలో, అంటే మిగిలిన ఛార్జితో పోగల దూరంలో, స్టేషన్ చేరిందా, ఏ స్టేషన్‌లోనైనా ఛార్జర్లకి మించి కార్లు పడ్డాయా, మొత్తం ఖర్చెంత అని మొదట్నుంచీ తానే కట్టాలి. సాల్వర్ (మోడల్ తీసుకుని జవాబు కట్టే సాఫ్ట్‌వేర్) చెప్పిన ఖర్చూ ఇదీ పైసాతో సహా కలవాలి. మోడల్ రాసినవాడే తనిఖీ కూడా రాస్తే ప్రశ్నని తప్పుగా అర్థం చేసుకున్న చోట రెండూ ఒకేలా తప్పుతాయి, అన్నీ కలిశాయని మీరు మురిసిపోతారు. నన్నడిగితే ఈ పోటీలో అన్నిటికంటే విలువైన వంద లైన్లు ఇవే.

ఆ తర్వాత బొమ్మలాట సైజు లెక్కొకటి కట్టుకోండి. మా బెంగళూరులో సిల్క్ బోర్డు, హెబ్బాళ, మెజెస్టిక్ అని మూడు చోట్లు, ఆరు కార్లు. ఏ స్టేషన్లు తెరవాలన్నదానికి ఎనిమిదే అవకాశాలు, కాగితం మీద తేలిపోతుంది. మోడల్ ఇక్కడ తప్పితే వెయ్యి కార్ల మీద నడిపి ఏం లాభం? ఒక్క జాగ్రత్త, అక్షాంశ రేఖాంశాల్ని నేరుగా దూరాలుగా వాడకండి. బెంగళూరులో రేఖాంశం ఒక డిగ్రీ సుమారు 108 కిలోమీటర్లు, అక్షాంశం డిగ్రీ 110 పైచిలుకు. రెండూ దగ్గరదగ్గరే కాబట్టి తప్పు చేసినా బయటపడదు. అదే కోడ్ పెన్సిల్వేనియా డేటా మీద పెడితే, అక్కడ రేఖాంశం డిగ్రీ సుమారు 84 కిలోమీటర్లే, తూర్పు పడమర దూరాలన్నీ సాగిపోతాయి. స్టేషన్ కట్టే ఖర్చు ఏడాదికీ ఛార్జింగ్ ఖర్చు రోజుకీ ఇచ్చి ఉంటే 365తో గుణించడం మర్చిపోయే జట్లూ ఉంటాయి.

ఇక అసలు సంగతి, షరతులు రాయడం. 1000 కార్లు, 600 చోట్లు అనుకో. "స్టేషన్ తెరవకపోతే అక్కడికి కారు పోకూడదు" అన్నదాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. స్టేషన్‌కి ఒక్క షరతు పెట్టి, వచ్చే కార్ల మొత్తం 1000 ఇంటూ వైకి (స్టేషన్ తెరిస్తే వై 1, లేకపోతే 0) మించకూడదంటే 600 లైన్లలో అయిపోతుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ వై భిన్నమైనా పర్లేదనే లీనియర్ రిలాక్సేషన్‌లో ఒక్క కారు వచ్చే స్టేషన్‌కి వై 0.001 అయితే చాలు, అంటే కట్టుబడి ఖర్చులో వెయ్యో వంతు పారేసి తప్పించుకుంటుంది. దాంతో ఖర్చు ఇంతకంటే తగ్గదని చెప్పే లోయర్ బౌండ్ నేలమీదే పడుంటుంది, దానికీ దొరికిన జవాబుకీ మధ్య గ్యాప్ రాత్రంతా కదలదు. అదే ప్రతి కారుకీ ప్రతి స్టేషన్‌కీ విడిగా రాస్తే ఆరు లక్షల షరతులవుతాయి, అయినా బౌండ్ బిగుస్తుంది. ఎక్కువ లైన్లున్న మోడలే త్వరగా తేలడం మొదట్లో నమ్మబుద్ధి కాదు. ఆరు లక్షలు బరువనిపిస్తే ఒక్కో కారుకి దగ్గరున్న 30 చోట్లే ఉంచు, 30,000కి దిగుతుంది. జవాబులో ఏ కారైనా ముప్పయ్యో చోటికే పోతోందంటే మాత్రం మీరు గీసిన గీతే అడ్డొస్తోందేమో చూడు, 50కి పెంచి మళ్లీ నడుపు.

బిగ్-ఎం (ఇందాక వైని గుణించిన 1000 లాంటి అంకె) విషయంలో మాత్రం బద్ధకించకు. ఎందుకైనా మంచిదని పది లక్షలు పెట్టేస్తారు చాలామంది. గురోబీ, సిప్లెక్స్ అనే సాల్వర్లు రెండూ మామూలుగా 0.00001 వరకు తేడా ఉన్నా పూర్ణాంకంగానే ఒప్పుకుంటాయి. పది లక్షలతో గుణిస్తే పది కార్లు! కట్టని స్టేషన్‌లో పది కార్లు ఛార్జవుతుంటాయి, సాల్వరేమో 'ఆప్టిమల్' అంటుంది. స్టేషన్‌లో 8 ఛార్జర్లే పట్టేటప్పుడు ఎం కూడా 8 చాలు. చెప్పాను కదా, మన మూడోవాడి ప్రోగ్రాం దీన్ని క్షణంలో పట్టేస్తుంది.

ఛార్జర్ ఒక్కోదానికి ఒక్కో బైనరీ (0 లేదా 1 అయ్యే వేరియబుల్) కూడా పెట్టకండి. ఎనిమిదీ ఒకేలాంటివైతే మూడోది తీసి ఐదోది పెట్టినా జవాబు మారదు, సాల్వర్‌కి తెలియక అన్నీ తిప్పి తిప్పి చూస్తుంది. స్టేషన్‌కి ఎన్ని అని ఒకే పూర్ణాంకం చాలు.

రేంజి యాదృచ్ఛికమైతే 50 శాంపిళ్లతో (లాటరీలా తీసిన 50 రకాల రేంజిలతో) సాల్వ్ చేసి, ఆ 50 మీద వచ్చిన ఖర్చే రిపోర్టులో రాసేయకు. ఆ శాంపిళ్లకి తగ్గట్టు కుట్టించుకున్న చొక్కా అది, అందుకే ఖర్చు తక్కువగా కనపడుతుంది. స్టేషన్లని అలాగే ఉంచి, ఎప్పుడూ చూడని కొత్త 1000 శాంపిళ్ల మీద లెక్కగట్టి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టు. తేడా పెద్దదైతే 50 చాలలేదన్నమాట.

'ఇన్‌ఫీజిబుల్', అంటే షరతులన్నీ తీరే జవాబే లేదని వస్తే కంగారుపడి షరతులు ఒక్కోటీ తీసేస్తూ కూర్చోకు. సాల్వర్‌ని ఐఐఎస్ అడుగు, ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్న షరతుల చిన్న గుంపుని చూపిస్తుంది. లేదా ప్రతి కారుకీ భారీ జరిమానాతో 'ఛార్జ్ కాని కారు' అనే వేరియబుల్ కలుపు, ఏ కార్లకి దారి లేదో అదే చెప్తుంది.

సాల్వర్లకి డబ్బులక్కర్లేదు, గురోబీ అకడమిక్ లైసెన్సు ఉచితమే. పైథాన్ పిప్‌తో వచ్చేది మాత్రం 2000 వేరియబుళ్లు దాటితే మొరాయిస్తుంది, లైసెన్సు విడిగా తెచ్చుకోవాలి. హైస్ అనే ఓపెన్ సోర్స్ సాల్వర్ అయితే ఆ గొడవే లేదు.

హ్యూరిస్టిక్ (అన్నిటికంటే మేలైనదని రుజువు లేకపోయినా త్వరగా మంచి జవాబిచ్చే ఉపాయం) వాడితే సిగ్గుపడక్కర్లేదు గానీ లోయర్ బౌండ్ లేకుండా పంపకు. ఖర్చు 102, బౌండ్ 100 అని రాస్తే రెండు శాతం లోపే ఉన్నామని చదివేవాడికి తెలుస్తుంది. ఉత్త 102 అంటే ఏం తెలుస్తుంది? రిపోర్టు మొదటి పేజీలోనే ఎన్ని స్టేషన్లు, ఎంత ఖర్చు, గ్యాప్ ఎంత అని రాసేయండి, సాహిత్య సమీక్ష తర్వాత చూసుకోవచ్చు. ప్రశ్నపత్రం చెప్పకుండా వదిలేసిన చోట మీరేమనుకున్నారో కూడా రాయండి. స్టేషన్ నిండి ఉంటే కారు నిలబడుతుందా, వెనక్కి పోతుందా లాంటివి.

పాస్‌పోర్టులు ముగ్గురివీ ఇప్పుడే చూడు. సదస్సు మామూలుగా ఆగస్టులో, ఫైనల్ పిలుపొచ్చాక వీసా స్లాట్ వెతికితే దొరకదు. అమెరికా కాన్సులేట్ మీ చెన్నైలోనే, జెమినీ ఫ్లైఓవర్ పక్కనే, ఆటో ఖర్చుతో పోతుంది. స్లాటే ఆటోలో రాదు.

మూడోవాడు ఎవరో తేల్చుకున్నాక రాయి. బద్ధకస్తుడైనా పర్లేదు, అనుమానప్పక్షి అయితే చాలు.

నీ
ప్రసాద్