ప్రకృతి చిత్రం పక్కన ఆ నేల కథ కూడా రాయాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రకృతి దృశ్యాల చిత్రాలు ప్రదర్శించే చాలాచోట్ల పటం పక్కన చీటీలో చిత్రకారుడి పేరు, సంవత్సరం, తైలవర్ణమో నీటిరంగులో అన్న వివరం తప్ప ఇంకేమీ ఉండదు. ఆ నేల ఎవరిది, దున్నిందెవరు, బొమ్మ వేయించిందెవరు అన్నది చూసేవాళ్లకు తెలియదు. పత్రికల్లో వచ్చే కళా సమీక్షలు కూడా ఎక్కువగా ఆకాశం రంగు, వెలుగునీడల దగ్గరే ఆగిపోతున్నాయి.

థామస్ గెయిన్స్‌బరో 1750 ప్రాంతంలో వేసిన 'మిస్టర్ అండ్ మిసెస్ ఆండ్రూస్' లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఎడమవైపు ఓక్ చెట్టు కింద భూస్వామి దంపతులు. భర్త చంకలో తుపాకీ, కాళ్ల దగ్గర కుక్క. మిగతా సగానికి పైగా వాళ్ల పొలమే. కోసిన గోధుమ పనలు నిలబెట్టి ఉన్నాయి, కొయ్యకాళ్లు వరసలు తప్పకుండా సాగుతున్నాయి, దూరంగా గొర్రెలు మేస్తున్నాయి. కోసినవాళ్లు, పనలు కట్టినవాళ్లు మాత్రం ఒక్కరూ కనిపించరు. ఇది యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. డబ్బిచ్చి వేయించుకున్నవాళ్లు గోడ మీద చూసుకోవాలనుకున్నది తమ ఆస్తిని.

ఇంగ్లండులో ఊరుమ్మడి భూములకు కంచెలు పడుతున్న కాలమది. 1604, 1914 మధ్య పార్లమెంటు ఇందుకోసం 5,200కు పైగా చట్టాలు చేసింది. సుమారు 68 లక్షల ఎకరాలు వాటి కిందికి వచ్చాయి. పశువుల్ని మేపుకునే, వంటచెరకు ఏరుకునే హక్కు పోయిన పేదలెందరో కూలీలుగా మిగిలారు. జాన్ కాన్‌స్టబుల్ 'ద హే వెయిన్' 1821 నాటిది. వాగులో బండి, పక్కన ఇల్లు, అంతా ప్రశాంతం. మరుసటి ఏడే, ఆ దృశ్యం ఉన్న తూర్పు ఇంగ్లండులో, ఆకలికి తాళలేక కూలీలు నూర్పిడి యంత్రాలు పగలగొట్టారు. ఈ సంగతి తెలిశాక ఆ ప్రశాంతతను మునుపటిలా చూడలేం.

అమెరికాలో థామస్ కోల్ 1836లో వేసిన 'ది ఆక్స్‌బో'లో ఒకవైపు తుఫాను కమ్మిన అడవి, మరోవైపు ఎండలో మెరిసే చదునైన పొలాలు. అంతకు ఆరేళ్ల ముందే, 1830లో, ఆదివాసులను మిసిసిపీ నదికి అవతలికి తరలించే చట్టం వచ్చింది. ఆ నేలకు అసలు వారసులు బొమ్మలో ఎక్కడా లేరు.

ఇవన్నీ రాస్తే కళలోకి రాజకీయాన్ని లాగినట్టేనని కొందరంటారు. నేను ఒప్పుకోను. 1338-39లో అంబ్రోజియో లొరెంజెట్టి ఇటలీలోని సియెనా నగర పాలక భవనం గోడ మీద విశాలమైన పల్లెసీమను చిత్రించాడు. కోతలు, నూర్పిళ్లు, సంతకు పందిని తోలుకొచ్చే రైతు, వేటకు బయలుదేరిన ధనికులు అందులో ఉన్నారు. మంచి పాలన ఫలితం ఇలా ఉంటుందని చూపడానికి పాలకులే వేయించిన బొమ్మ అది. అంటే రాజకీయం అందులో మొదటినుంచీ ఉన్నదే.

ప్రదర్శనశాలలు ప్రతి ప్రకృతి చిత్రం పక్కన మరో రెండు వాక్యాలు చేర్చాలి: వేయించింది ఎవరు, ఆ నేల మీద అప్పుడు బతికింది ఎవరు. మీ పత్రిక కళా సమీక్షల్లోనూ ఈ రెండు ప్రశ్నలకు చోటివ్వాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు