సర్వర్ కొనుగోలుకు ధర ఒక్కటే కొలమానమా?

సంపాదకులకు నమస్కారం.

విజయవాడలోని ఒక మందుల టోకు వ్యాపార సంస్థలో కంప్యూటర్ల నిర్వహణ చూసే నేను, చిన్న వ్యాపారులు సర్వర్ (ఆఫీసులోని కంప్యూటర్లన్నిటికీ సమాచారం అందించే ప్రధాన కంప్యూటర్) కొనేటప్పుడు చేస్తున్న పొరపాటు గురించి రాస్తున్నాను. మూడు కొటేషన్లు తెప్పించి, తక్కువ ధర చెప్పినవారికి ఆర్డర్ ఇచ్చేయడం మన దగ్గర ఆనవాయితీ అయింది. మేమూ అలాగే కొన్నాం. రెండో ఏట దానికి కరెంటు అందించే పవర్ సప్లై కాలిపోతే, విడిభాగం ముంబయి నుంచి రావాలంటూ విక్రేత ఆరు రోజులు తిప్పించాడు. ఆ ఆరు రోజులూ బిల్లులు చేత్తో రాశాం. బ్యాచ్ నంబర్లు, గడువు తేదీలు సరిచూడటానికి ఉద్యోగులు అర్ధరాత్రి దాకా కూర్చోవాల్సి వచ్చింది. రెండు పవర్ సప్లైలు ఉన్న సర్వర్ తీసుకొని ఉంటే పని ఆగేదే కాదు.

విక్రేతలు చెప్పే 'మరుసటి పనిదినం' మరమ్మతు సేవ అంటే సాధారణంగా ఆ రోజుకు స్పందిస్తామనే తప్ప, ఆ రోజే బాగుచేసి ఇస్తామని కాదు. ఇది సంతకానికి ముందే అడిగి తేల్చుకోవాలి. వారంటీ ముగిశాక ఏమవుతుందన్నది ఇంకా ముఖ్యం: హెచ్‌పీ 2014 ఫిబ్రవరి నుంచి తన ప్రొలయంట్ రకం సర్వర్ల బయాస్ (యంత్రాన్ని ప్రారంభించే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లను వారంటీ లేదా సేవా ఒప్పందం ఉన్నవారికే పరిమితం చేసింది. ఐబీఎం అదే ఏడాది తన ఎక్స్86 (ఇంటెల్ తరహా ప్రాసెసర్లతో నడిచే) సర్వర్ల వ్యాపారాన్ని లెనోవోకు అమ్మింది కాబట్టి, కొన్న పేరు ఒకటైనా రేపు జవాబు చెప్పేది మరొకరు కావచ్చు.

విడిభాగాల నిల్వ ఏ ఊళ్లో ఉందో, ఎన్ని గంటల్లో మార్చి ఇస్తారో రాతపూర్వకంగా అడిగే నమూనా ఒప్పందాన్ని మన వర్తక సంఘాలు తెలుగులో తయారుచేసి సభ్యులకు అందించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, విజయవాడ