మన కాలనీ సంఘం వార్షిక నివేదిక, 2024-25: యార్డు నుంచి ఓడ దాకా

సభ్యులందరికీ నమస్కారం.

కంటి పరీక్షల శిబిరం, సంక్రాంతి ముగ్గుల పోటీ, పార్కు దగ్గర వీధి దీపాలు ఎప్పటిలాగే అయిపోయాయి. ముగ్గుల న్యాయనిర్ణేతల మీద వచ్చిన ఫిర్యాదు రాజీ అయింది, ఇక ఎవరూ కదపొద్దని మనవి. ఈసారి ఎక్కువ చోటు మన సంఘంలో జరిగిన ఓడరేవుల చర్చలకే ఇస్తున్నాను. "గుంటూరుకు సముద్రమెక్కడిదండీ?" అని మొదట నవ్వినవాళ్లే ఆఖరి చర్చకు కుర్చీలు చాలక నిలబడ్డారు.

మన కాలనీలో చాలా ఇళ్లు మిర్చి మీదే నడుస్తాయి. తేజ రకం చైనా, మలేషియా, థాయ్‌లాండ్ దాకా పోతుంది. ఎగుమతి చేసే మన సభ్యుడొకరు లెక్క విప్పి చెప్పారు. మిర్చి యార్డులో రేటు పెట్టే ముందు ఆయన అవతలి దేశం ధర చూసుకుంటారు. అందులోంచి ఓడ కిరాయి, లారీ కిరాయి, రేవు ఖర్చులు తీసేస్తే మిగిలేదే రైతు రేటు. సరుకు ఎప్పుడు ఎక్కుతుందో నమ్మకం లేకపోతే, ఆ భయానికి టిక్కీ (మిర్చి బస్తా) మీద ఇంకొంచెం తగ్గించి పాడతారు. అంటే రేవులో జరిగే ఆలస్యాన్ని సముద్రం చూడని రైతు ముందే కట్టేస్తున్నాడన్నమాట.

పోయిన సీజన్లో ఆయనకే జరిగింది. ఒక రేవు గేటు దగ్గర లారీలు బారులు తీరి, కంటైనర్, అంటే సరుకు నింపిన ఇనుప పెట్టె, కటాఫ్ (ఓడకు సరుకు అందించాల్సిన గడువు) దాటాక లోపలికి చేరింది. ఆ ఓడ వెళ్లిపోయింది. మళ్లీ ఓడ వారానికి. పెట్టెను ఎక్కువ రోజులు ఉంచుకున్నందుకు డిటెన్షన్ రుసుము, పెట్టె నిలబడ్డ నేలకు అద్దె, లోపల మిర్చికి నిమ్ము భయం. అప్పు మీద వడ్డీకి ఆదివారం సెలవు లేదు.

తర్వాతి నెల సూచీల మీద వాదన నడిచింది. సరుకు రవాణా ఏ దేశంలో ఎంత సాఫీగా సాగుతుందో చూసే ప్రపంచ బ్యాంకు లాజిస్టిక్స్ సూచీలో 2018లో 44వ స్థానంలో ఉన్న మన దేశం 2023లో 38కి వచ్చింది. అదే బ్యాంకు 2023 కంటైనర్ పోర్టుల జాబితాలో విశాఖ 115 నుంచి 19కి ఎగబాకింది. చప్పట్లు కొట్టాం. అప్పుడు రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు లేచి, "ఆ జాబితా ఓడ రేవులో ఎంతసేపుందో కొలుస్తుంది. మన లారీ గేటు బయట ఎంతసేపుందో దాన్లో ఉండదు బాబూ" అన్నారు. నాకు ఏడాది మొత్తంలో గుర్తుండిపోయిన మాట అదే.

బందరు ప్రయాణం బాగా సాగింది. కొత్త రేవు పనుల్లో, సముద్రంలోకి సాగిన రాతి గోడలు చూశాం. 1611లో ఇంగ్లీషువాళ్లు దిగి కలంకారీ బట్టలు ఎగుమతి చేసిన ఊరది. కానీ తీరం లోతు తక్కువ. ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే సరుకును పడవల్లో మోయాల్సి వచ్చేది. 1864 తుపాను వేలమందిని పొట్టన పెట్టుకుంది. తర్వాత మద్రాసు, 1933లో తెరిచిన విశాఖ ముందుకెళ్లిపోయాయి. ఇప్పుడు రేవు కట్టినంత మాత్రాన ఓడ వస్తుందా అన్న దాని మీద తిరుగు ప్రయాణమంతా గొడవ. మిర్చి నింపుకోవడానికి ఖాళీ పెట్టెలు కావాలి. అవి రావాలంటే మన వైపు దిగుమతి సరుకు కూడా ఉండాలి. లేకపోతే ఖాళీ పెట్టెను తెచ్చిన కిరాయి కూడా మిర్చి నెత్తినే పడుతుంది. బస్సులో ఈ సంగతి ఎత్తింది ఒక లారీ యజమాని. బందరు లడ్డూ పంచాక గాని గొడవ సద్దుమణగలేదు.

జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం. బస్సు కిరాయిలో కొంత లోటు పడింది, చందా బకాయిలు వస్తే సరిపోతుంది. వచ్చే ఏడు కృష్ణపట్నం వెళ్దామనుకుంటున్నాం. పేర్లు దసరా లోపు ఇవ్వండి, పులిహోర ఎవరి డబ్బా వాళ్లదే.

ఇట్లు,
కార్యదర్శి