బండి కొంటున్నావటగా

కావలి
జూన్ 8

చిన్నీ,

ఈ ఉత్తరం, ఆవకాయ సీసా ఒకే సంచిలో వస్తాయి. కోవూరు పిన్ని అల్లుడు పదిహేనో తేదీ బయల్దేరుతున్నాడు. కొలంబస్‌లో దిగగానే నీకు ఫోన్ చేస్తాడు, ఎత్తు. ఈ మధ్య నువ్వు ఫోన్ ఎత్తడం లేదని నేనేమీ అనడం లేదు. మూడు ఆదివారాలు పోయాయి, అంతే.

ఇక్కడ అంతా బాగానే ఉంది. ఎండలకి మీ నాన్న కాళ్ళు కొంచెం వాచాయి, ఇప్పుడు తగ్గింది. మేడ మీద ట్యాంకు మార్పించాం. చిన్నత్త మనవడి అన్నప్రాశన బాగా జరిగింది, నీ తరఫున వెయ్యి నూటపదహార్లు చదివించాను. అక్కడే పిన్ని చెవిలో వేసింది, నువ్వేదో పాత కారు కొంటున్నావని. నా కూతురి సంగతి నాకు పిన్ని చెప్పాలి! రెండే సీట్లట, పైన గుడ్డ టాపట, 1977 నాటిదట, పైగా నడవదట. నడవని బండికి ఆరు వేల డాలర్లా? మన లెక్కలో అయిదు లక్షలు దాటింది.

దాని గురించి రాద్దామని కూర్చోలేదులే. ఉలవపాడు మామిడికాయలు ఈసారి బాగా దొరికాయి. రెండు జాడీలు పెట్టాను.

మీ నాన్నని అడిగితే ఆయనకి ముందే తెలుసు! ఫోటోలు కూడా చూశాడు. "ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అంటే పరాయిదేం కాదు, మన హెరాల్డుకి చెల్లెలే" అని మొదలుపెట్టాడు. రెంటినీ గీసింది మికెలొట్టి అనే ఒకే ఇటలీ ఆయనట. హెరాల్డు ఛాసిస్‌నే, అంటే అడుగు చట్రాన్నే, పొట్టి చేసి 1962లో దీన్ని తెచ్చారట, 1980 దాకా చేశారట. పిల్లకి మంచి సంబంధం కుదిరినట్టు చెప్తున్నాడు. నాకేమో హెరాల్డు అనే మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. ఎందుకో నీకు సగమే తెలుసు.

తాత ముచ్చటపడి కొన్న, మద్రాసులో తయారైన కారు అది. ఆయన పోయిన ఏడాది, 1986లో, షెడ్డులో పడున్న దాన్ని మీ నాన్న విప్పాడు. నెలకోసారి రైలెక్కి మద్రాసులో పుదుప్పేట పోయేవాడు. పాత సామాను సంచుల నిండా తెచ్చేవాడు. ఒకసారి వెనక కమాను కట్టని, అదే బండి బరువు మోసే ఇనప పట్టీల కట్టని, కావడి బద్దలాగా భుజాన మోసుకొచ్చాడు. రెండేళ్ళకి బండి కదిలింది. అప్పుడే కందుకూరు పిన్ని పెళ్ళి. బస్సులో పోదామంటే వినలేదు. ముందు సీట్లో పట్టుచీరలో నేను, ఒళ్ళో పది నెలల నువ్వు. వెనక జేజి, ఆమె ఒళ్ళో లడ్డూల డబ్బా. గుడ్లూరు దాటీ దాటకముందే టప్పుమని చప్పుడు. బండి వెనక భాగం కూలబడింది, చక్రాలు రెండూ కాళ్ళు చాపేసినట్టు బయటికి తన్నాయి. కమానులో పెద్ద పట్టీ విరిగింది. పాతది తీసి ఇంకో పాతది వేస్తే ఏమవుతుంది మరి! మీ నాన్న కొత్త చొక్కా విప్పి నా చేతికిచ్చి కిందికి దూరాడు. గంటైనా రాలేదు. నువ్వు ఒకటే ఏడుపు. జేజి ఓపిక నశించి, దారిన పోయే పిల్లలకి లడ్డూలు పంచడం మొదలుపెట్టింది. చివరికి వరిగడ్డి ట్రాక్టరతను తాడు కట్టి లాక్కుపోయాడు. మేం ముగ్గురం గడ్డి మీద, మీ నాన్న వెనకాల హెరాల్డులో స్టీరింగు పట్టుకుని రాజాలాగా. పందిరి ముందు దిగేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. వీడియో అతను పెళ్ళికూతుర్ని వదిలేసి మమ్మల్ని తీశాడు.

ఆ మరుసటేడు నవంబరు తుఫాను మన కావలి మీదే పడింది గదా. వేపచెట్టు షెడ్డు మీద, షెడ్డు బండి మీద. నా నాలుగు గాజులూ దాని ఖర్చుకే పోయాయి. మీ నాన్న మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. నేనూ తినలేదులే.

అసలు చెప్పాలనుకున్నది వేరు. తాత కర్మ అయిన మర్నాడే మీ నాన్న ఆ బండి కిందికి దూరాడు. ఏడాదిపాటు ఎవరితోనూ మాట్లాడలేదు. పలకరిస్తే "ఆ పానా ఇటివ్వు" అనేవాడు. అందుకే అడుగుతున్నాను. ఉద్యోగం బాగానే ఉందా? నిద్ర పడుతోందా? ఫోన్‌లో అడిగితే "ఏం లేదమ్మా" అంటావు.

కొనొద్దని అనను. కొనే పనైతే రెండు మాటలు. మీ ఊళ్ళో మంచుకి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది బండిని అడుగు నుంచి తినేస్తుంది. టాపు లేని బండికి తలుపుల కింద రేకే బలం. అది తుప్పు పడితే నడుం వంగుతుంది, తలుపులు సరిగ్గా పడవు. పదిసార్లు తీసి వేసి చూడు. రంగు మెరుస్తోందని మురిసిపోకుండా అయస్కాంతం తీసుకుపో. అంటని చోట పుట్టీ పూశారన్నమాట. ఇంజను ఆపి, ఒకరిని క్లచ్ తొక్కమని, ముందున్న పుల్లీని చూడు. అది ముందుకీ వెనక్కీ జరుగుతుంటే త్రస్ట్ వాషర్లు (ఇంజనులో క్రాంకు అటూ ఇటూ జరగకుండా ఆపే బిళ్ళలు) పోయినట్టే, కొనేముందే మెకానిక్‌కి చూపించు. ఇవన్నీ నాకెట్ట తెలుసంటావా? మూడేళ్ళు టార్చిలైటు పట్టుకున్నదాన్ని. మిగిలింది రాత్రి మీ నాన్న నిద్రపోనివ్వకుండా వల్లించాడు. దీని సామాను అక్కడ ఇప్పటికీ కొత్తది దొరుకుతుందట, అదొక్కటే నయం. కానీ ఒక్కొక్కటే తెప్పిస్తూ పోతే బండి ఖరీదు దాటిపోతుంది, లెక్క రాసుకో.

జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టు. ఇంట్లో ఒక్కదానివే ఉన్నప్పుడు అసలు దూరొద్దు. జడ ముడేసుకో, ఫ్యాన్ బెల్టు దగ్గర చున్నీ వద్దు. రెండు మాటలన్నాను, ఎన్నయ్యాయో!

ఆదివారం వీడియో కాల్ చెయ్యి. మీ నాన్న బానెట్ తీసి చూపించమంటాడు. అది తర్వాత, ముందు నాతో మాట్లాడు.

ఆవకాయ కొత్తది, వారం ఆగి కలుపు. నూనె పైకి తేలకపోతే కాస్త కాచి చల్లార్చి పొయ్యి. గ్రీజు చేతులతో సీసా ముట్టుకోకు.

మీ అమ్మ