బుడమేరు వరదలో పిల్లల కోసం వసూలైన సొమ్ము: జమా ఖర్చుల వివరణ

దాతలకు, కాలనీ వాసులకు నమస్కారం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు కట్టకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ నీట మునిగినప్పుడు, పిల్లల అవసరాల కోసమని విడిగా వసూలు చేసిన సొమ్ముకు లెక్క ఇది. కుటుంబాలకు పంచిన బియ్యం, పప్పుల ఖర్చు ఇందులో కలపలేదు. కలిపితే పిల్లల వాటా కనపడకుండా పోతుంది.

జమ: ఇంటింటి చందాలు రూ.1,12,400. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు పంపింది రూ.64,000. వ్యాపారులు ఇచ్చింది రూ.38,500. మొత్తం రూ.2,14,900.

ఖర్చులో పెద్ద పద్దు పుస్తకాలు, బ్యాగులు, యూనిఫాంలు: రూ.86,300. పాలపొడి, ఓఆర్ఎస్, బిస్కెట్లకు రూ.31,750 అయింది.

శానిటరీ ప్యాడ్లు, లోదుస్తులు రూ.27,400. ఇంత ఎందుకని కొందరు అడిగారు. వరద బాధితులు తలదాచుకున్న శిబిరానికి అన్నం పొట్లాలు, నీళ్ల బాటిళ్లు బాగానే వచ్చాయి. ఆడపిల్లలు నోరు తెరిచి అడగలేనివి మాత్రం ఎవరూ తేలేదు. మహిళా వాలంటీర్ల చేతే వీటిని పంచాం.

మరుగుదొడ్లకు లైట్లు, తలుపులకు గొళ్లాలు రూ.9,850. చిన్న పద్దే అయినా అన్నిటికన్నా ముందు పెట్టాల్సిన ఖర్చు ఇదేనని మా అభిప్రాయం. చీకట్లో బయటికి వెళ్లాలంటే భయమేసి కొందరు ఆడపిల్లలు సాయంత్రం నుంచే మంచినీళ్లు తాగడం మానేశారు. లోపలి వైపు గొళ్లెం బిగించి, గుమ్మం పైన బ్యాటరీ లైటు వేలాడదీశాక ఆ టెన్షన్ తగ్గింది.

పెద్దవాళ్లు ఇళ్లలో బురద ఎత్తిపోసుకునే వేళ పిల్లలు ఉండడానికి టెంటు, చాపలు, బొమ్మలు, రంగు పెన్సిళ్లు రూ.22,600. పిల్లలను ఎవరు తెచ్చి వదిలితే వాళ్లకే, రిజిస్టరులో సంతకం చూసి అప్పగించాం. చైల్డ్‌లైన్ నంబరు 1098 టెంటు ముందు పెద్ద అక్షరాలతో రాసిపెట్టాం. తడిసి పాడైన జనన ధ్రువపత్రాలు, ఆధార్, స్టడీ సర్టిఫికెట్లు మళ్లీ తీయించడానికి ఫీజులు, జిరాక్సులు, ఆటో ఛార్జీలు రూ.18,200.

సాయం అందుకుంటున్న పిల్లల ఫొటోలు పంపమని కొందరు దాతలు కోరారు. పంపలేదు, ఇకముందు కూడా పంపం. ప్రకృతి విపత్తు బారిన పడ్డ పిల్లలను 2015 బాలల న్యాయ చట్టం సంరక్షణ, రక్షణ అవసరమైన వారిలో చేర్చింది. విచారణ, దర్యాప్తు, కోర్టు వ్యవహారాల వార్తల్లో కూడా అలాంటి పిల్లల ఆనవాళ్లు బయటపెట్టకూడదని అదే చట్టంలో 74వ సెక్షన్ చెబుతోంది. మన దేశం 1992లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో గోప్యత కూడా పిల్లల హక్కే. ఒక బ్యాగు తీసుకున్నందుకు పిల్లవాడి ముఖం వాట్సాప్ గ్రూపులన్నీ తిరగడం అన్యాయం. రుజువుగా షాపు బిల్లులు, తల్లిదండ్రుల సంతకాలు ఉన్నాయి.

మొత్తం ఖర్చు రూ.1,96,100. నిల్వ రూ.18,800 కమిటీ ఉమ్మడి ఖాతాలో ఉంది, ఇద్దరు సంతకం పెడితేనే తీయగలం. వచ్చే వానాకాలంలోపు లైట్లు, ప్యాడ్లు కొని సిద్ధంగా ఉంచడానికి దాన్ని వాడాలని తీర్మానించాం. బిల్లుల ఫైలు ఆదివారం ఉదయం కమ్యూనిటీ హాల్లో ఎవరైనా చూడవచ్చు. పిల్లల పేర్లున్న రిజిస్టరు మాత్రం ఆడిటరుకే చూపిస్తాం.