కెరటం ఎవరి వంతు? ఒడిశా పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

మాది గంజాం జిల్లా, గోపాల్‌పూర్ బీచ్‌ని ఆనుకున్న చేపలోళ్ల పల్లె. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, టూరిస్టులతో హిందీ. మమ్మల్ని ఇక్కడ నోళియాలు అంటారు. పూరీలో తెల్లటి మొనదేలిన టోపీ పెట్టుకుని యాత్రికుల చెయ్యి పట్టుకుని సముద్రస్నానం చేయించే మనుషుల్ని మీరు చూసే ఉంటారు, వాళ్లు మా వాళ్లే. నాకు ఒడియా చదవడం, రాయడం వచ్చు కానీ మనసులో ఉన్నదంతా ఇంత పొడుగ్గా చెప్పుకోవాలంటే తెలుగులోనే వస్తుంది. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను, ఒడియా కాపీ మీకు పోస్టులో పంపిస్తున్నాను.

పోయిన ఆగస్టులో మా అక్క కొడుక్కి పిక్క మీద పదకొండు కుట్లు పడ్డాయి. వాడికి పద్నాలుగేళ్లు. బోర్డు మీద నిలబడి కెరటంతో పాటు జారే ఆట, సర్ఫింగ్, నేనే వాడికి నేర్పాను కాబట్టి ఆ కుట్లు వేస్తున్నంతసేపూ మా అక్క మొహం చూడలేకపోయాను.

నైరుతి వానల కాలంలో మాకు దక్షిణం నుంచి మంచి కెరటాలు వస్తాయి. నాలుగైదు పెద్దవి వరసగా వచ్చి, కాసేపు సముద్రం సద్దుమణిగి, మళ్లీ వస్తాయి. ఆ రోజు మా వాడు సరైన చోటే కూర్చున్నాడు, కెరటం లేవగానే నాలుగు చేతులేసి బోర్డు మీద లేచి నిలబడ్డాడు. అదే కెరటం మీద, ఇంకా లోతు వైపు నుంచి, ఎక్కడి నుంచో వచ్చిన ఒకాయన, నీళ్ల కింద రెక్క ఉండే ఫాయిల్ బోర్డు మీద నిలబడి అప్పటికే వస్తున్నాడు. వీడి మొహం ఒడ్డు వైపు ఉంది కాబట్టి ఆయన్ని చూడలేదు. ఆయనేమో వీడు లేస్తాడనుకోలేదు. ఇద్దరూ పడ్డారు. నీళ్ల కింద ఆ ఫాయిల్ రెక్క అంచు వాడి కాలిని కోసేసింది.

ఒడ్డు మీద గొడవైంది. మా పల్లె కుర్రాళ్లు ఆయన బోర్డు లాక్కున్నారు. ఆయన "నేనే ముందు లేచాను, కెరటం నాది" అంటాడు. మా వాడు రక్తం కారుతున్న కాలు పట్టుకుని "విరిగే చోట ఉన్నది నేను, కెరటం నాది" అంటాడు. ఆయన మాట మా వాళ్లకి పూర్తిగా అర్థం కాదు, మా వాళ్ల కేకలు ఆయనకి అర్థం కావు. అప్పుడు మా పల్లె పెద్దాయన ఒకరు, జన్మలో సర్ఫ్ బోర్డు ఎక్కని మనిషి, వల బాగుచేసుకుంటున్నవాడు లేచి వచ్చి, "ఒరే, ముందు పిల్లోణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఇంతకీ వంతు ఎవరిదిరా?" అని అడిగారు.

ఎవరూ జవాబు చెప్పలేకపోయాం. నేను కూడా. ఎందుకంటే ఇద్దరూ అబద్ధం ఆడట్లేదు, ఇద్దరి దగ్గరా ఒక్కో నియమం ఉంది, ఆ రెండు నియమాలూ ఒకదానికొకటి అడ్డం. ఆ ప్రశ్నకి జవాబు మన బీచ్ మీద, అందరికీ కనిపించేలా, మన భాషల్లో రాసి ఉండాలని అడగడానికే ఈ లేఖ.

కెరటం గోడలా ఒకేసారి కూలిపోదు. మంచి కెరటమైతే ఒక చోట మొదట విరిగి, అక్కడి నుంచి పక్కకి విరుచుకుంటూ పోతుంది. ఆ మొదట విరిగే చోటుని పీక్ అంటాం. పీక్‌కి ఎవరు దగ్గరగా ఉంటే ఆ కెరటం వాళ్లది, మిగతావాళ్లు ఆగాలి. ఇది లోకంలో ఏ తీరానికి వెళ్లినా ఉన్న మాట. ఆగకుండా ముందు దిగిపోతే దాన్ని డ్రాప్ ఇన్ అంటారు, సర్ఫర్ల మధ్య అంతకంటే పెద్ద తప్పు లేదు. పోటీల్లో అయితే ఎవరి వంతో చూడడానికి జడ్జీలు ఉంటారు, అడ్డొస్తే మార్కులు కోస్తారు. టోక్యో ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ మొదటిసారి వచ్చినప్పుడు అది మన ఇళ్లల్లో టీవీ మీద కూడా చూశాం. మామూలు రోజు ఉదయం ఆరింటికి గోపాల్‌పూర్ నీళ్లల్లో జడ్జీలు ఉండరు కదా.

ఇంకో రెండు మాటలు కూడా ఉన్నాయి. లోపలికి ఈదుకుంటూ వెళ్లేవాడు కెరటం మీద వస్తున్నవాడికి దారి ఇవ్వాలి, తప్పించుకోవడానికి అతని ముందుకి పోకూడదు, అప్పటికే విరిగిన తెల్లనురగ వైపే పోవాలి. నురగలో నాలుగు దెబ్బలు తిన్నా సరే. రెండోది, పెద్ద కెరటం మీదకొస్తోందని బోర్డు వదిలేయకూడదు. కాలికి కట్టుకునే తాడు దాదాపు బోర్డంత పొడుగు ఉంటుంది, వదిలేసిన బోర్డు ఆ తాడు చివర తిరిగి వెనకున్నవాడి తలకి తగులుతుంది. ఈ రెండు మాటలూ నేను ప్రతి పిల్లాడికీ మొదటి రోజు ఒడ్డు మీదే, నీళ్లల్లోకి దించకముందే చెబుతాను.

ఇప్పుడు ఫాయిల్ సంగతి. మీ ఆఫీసులో చాలామంది దాన్ని చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను. బోర్డు కింద దాదాపు రెండు మూరల కడ్డీ, దాని చివర విమానం రెక్కల్లాంటి రెక్కలు ఉంటాయి. బోర్డు కదలగానే నీళ్లు ఆ రెక్క మీదుగా పోతూ బోర్డుని పైకి ఎత్తేస్తాయి. మనిషి, బోర్డు గాల్లో, రెక్క మాత్రం నీళ్లల్లో. ఇక రాపిడి చాలా తక్కువ. నేను ఒకసారి ఎక్కాను. పైకి లేచిన క్షణం నీళ్ల చప్పుడంతా ఆగిపోతుంది, అంత బాగుంటుంది. కాబట్టి నాకు ఫాయిల్ మీద కోపం లేదు, నిషేధించమని నేను అడగట్లేదు.

కానీ రాపిడి తగ్గిపోవడంతోనే పాత లెక్క తప్పిపోతోంది. మామూలు బోర్డు మీద కెరటం నిటారుగా లేచేదాకా మనం నిలబడలేం. ఫాయిల్‌కి అంత అక్కర్లేదు, ఇంకా విరగని, నీళ్లు కొంచెం ఉబ్బినట్టు కనిపించే అల చాలు, వంద మీటర్లు వెనక నుంచే లేచి నిలబడి వచ్చేయవచ్చు. మరి "ముందు లేచినవాడిదే కెరటం" అనుకుంటే ప్రతి కెరటం ఫాయిల్‌దే అవుతుంది, పీక్ దగ్గర గంటసేపు కూర్చున్న పిల్లలకి ఒక్కటీ దొరకదు. పొడుగు బోర్డులు, నిలబడి తెడ్డు వేసే బోర్డులు వచ్చినప్పుడు కూడా తీరాల్లో ఇదే గొడవ వచ్చింది, ఫాయిల్‌తో అది ఇంకా పెరిగింది. పైగా ఫాయిల్ మీద ఉన్నవాడు కెరటం అయిపోయాక ఈదుకుంటూ వెనక్కి పోనక్కర్లేదు. మోకాళ్లతో పైకీ కిందకీ ఊపుతూ, పంపింగ్ అంటారు దాన్ని, దిగకుండానే వెనక్కి తిరిగి ఇంకో అల పట్టుకోవచ్చు. మేం ఒకటి పట్టుకునేలోపు ఆయన నాలుగు పట్టుకుంటాడు.

ఇక రెక్క. అంచు పల్చగా ఉంటుంది, గట్టి కార్బన్, నీళ్ల కింద కనిపించదు. పడిపోయినప్పుడు బోర్డు తిరగబడి ఎటు వస్తుందో దాని మీద ఉన్నవాడికే తెలియదు. మనుషులు గుంపుగా ఉన్న చోట అది తిరగడం నా లెక్కలో తప్పే, ఎంత బాగా వచ్చినవాడైనా సరే.

కాబట్టి విరిగే కెరటం బోర్డువాళ్లది, విరగని అల ఫాయిల్‌వాళ్లది అని పెట్టుకుంటే చాలు. ఆయనకి పీక్ అక్కర్లేదు, మాకు అది తప్ప వేరే లేదు. మా తీరం ఇసుక తీరం, ఇసుక తిన్నెలు సీజన్‌కోసారి జరుగుతాయి, చాలా చోట్ల కెరటం ఒడ్డు దగ్గరికొచ్చి ఒకేసారి దబ్బున కూలిపోతుంది, పక్కకి విరిగే మంచి పీక్‌లు ఒక రోజుకి రెండో మూడో ఉంటాయి. ఫాయిల్ ఆయన అక్కడికి రావాల్సిన పనే లేదు, కిలోమీటరు పక్కన ఎవరూ లేని నీళ్లల్లో ఆయనకి ఇంకా బాగుంటుంది. పంపింగ్ చేస్తూ వెనక్కి పోయేటప్పుడు కూడా కూర్చున్నవాళ్ల మధ్య నుంచి కాకుండా చుట్టూ తిరిగి పోవాలి.

ఆ పెద్దాయన అన్న వంతు మాట దగ్గరికి మళ్లీ వస్తాను. పీక్‌కి దగ్గరగా ఉన్నవాడిదే కెరటం అన్న నియమం ఒక్కటే ఉంటే దాన్ని కూడా మోసం చేయవచ్చు. కెరటం వచ్చేలోపు పక్క నుంచి పాములా చుట్టుకొచ్చి నీకంటే రెండడుగులు లోపల కూర్చుంటాడు, ఇప్పుడు దగ్గరున్నది నేనే అంటాడు. అందుకే చోటుతో పాటు వంతు కూడా ఉండాలి. మా పల్లెలో పెద్దవల వేసే రోజుల్లో ఒకరి వల ఒడ్డుకి లాగేదాకా రెండోవాళ్లు అదే చోట వల దించేవాళ్లు కాదు, బోటు ముందు సిద్ధం చేసుకున్నా సరే ఆగేవాళ్లు. ఎవరూ రాసి పెట్టలేదు, పోలీసు రాలేదు. మా తాత తెప్ప మీద కెరటాలు దాటి వెళ్లిన మనిషి, నాలుగు కట్టెలు తాడుతో కట్టిన తెప్ప. పెద్ద కెరటాలు లెక్కపెట్టి, సముద్రం సద్దుమణిగినప్పుడు ఒక తెప్ప తర్వాత ఒక తెప్ప దించేవాళ్లని నాన్న చెప్పేవారు. మేం బోర్డు మీద నేర్చుకుంటున్న మర్యాద మాకు కొత్తది కాదు. బయట నుంచి వచ్చేవాళ్లకి ఇది తెలిసే దారి లేదు, అంతే.

మన రాష్ట్రానికి సర్ఫింగ్ కూడా కొత్తేం కాదు. 2012లోనే కోణార్క్ దగ్గర రామచండి తీరంలో సర్ఫ్ ఫెస్టివల్ జరిగింది. పూరీలో గోల్డెన్ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన, భద్రమైన బీచ్ అనే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చాక అక్కడ స్నానానికి ఎక్కడ దిగాలి, ఎక్కడ దిగకూడదు అని గుర్తులు పెట్టి, కాపలా పెట్టారు. అలాంటిది ఇక్కడ కూడా కావాలి, అంత ఖర్చుతో కాదు.

నేను అడిగేది బీచ్‌లో దిగే చోట నియమాలు రాసిన ఒక సూచనల బోర్డు. ఒడియాలో, తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో, బొమ్మలతో. అన్నిటికంటే పైన చేపల బోట్ల మాట ఉండాలి. బోటు సముద్రంలోకి దిగుతున్నా, ఒడ్డుకి వస్తున్నా అందరూ తప్పుకోవాలి, ఎందుకంటే మనకి అది ఆట, వాళ్లకి అది అన్నం, పైగా కెరటాల మధ్య ఉన్న బోటుని ఆపడం ఎవరి వల్లా కాదు. తర్వాత స్నానం చేసేవాళ్లున్న చోటికి ఏ బోర్డూ రాకూడదు. తర్వాత పీక్, వంతు. ఫాయిల్ నీళ్లల్లోకి దిగడానికి విడిగా ఒక దారి, రెండు జెండాలు పాతితే చాలు, స్నానం చేసేవాళ్లకీ సర్ఫర్లకీ కనీసం రెండు వందల మీటర్లు పక్కన.

ఇంకో మాట, ఇది గట్టిగా చెబుతున్నాను. రుషికుల్య నది మొగ దగ్గరికి ఫాయిల్ పోకూడదు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేల సంఖ్యలో గుడ్లు పెట్టడానికి అక్కడికి వస్తాయి, ఊపిరి కోసం పైకి తేలుతుంటాయి, నీళ్ల కింద పోయే రెక్కకి అవి తగులుతాయి. ఆ తాబేళ్ల కోసమే నవంబర్ 1 నుంచి మే 31 దాకా అక్కడ తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల చేపల వేట నిషేధం. మా వాళ్లు ఇంటి దగ్గర కూర్చుని, అప్పు చేసి ఆ నెలలు గడుపుతున్నారు. తాబేళ్ల కోసం మేం ఆగుతున్నాం. సరదాకి వచ్చినవాళ్లు ఆగకపోతే మా పల్లెలో ఏ ముఖం పెట్టుకుని ఆ నిషేధం గురించి చెప్పగలం?

ఈ విషయం మీద నేను ఒక ఆఫీసుకి వెళ్లాను. జెట్ స్కీకి, బోటింగ్‌కి ఫారం ఉంది కానీ దీనికి లేదన్నారు, దీనికి మోటార్ లేదు కదా అన్నారు. అక్కడి గుమాస్తా గారి తప్పు కాదు, ఆయన దగ్గర ఉన్న కాగితంలో అదే ఉంది. కానీ మోటార్ లేదు కాబట్టి ప్రమాదం లేదు అనే లెక్క సరికాదు, మా అక్క కొడుకు కాలు చూస్తే తెలుస్తుంది.

లైసెన్సు ఫీజు పెట్టమని అడగట్లేదు, దయచేసి అది మాత్రం పెట్టకండి. ఫీజు పెడితే బయటి నుంచి వచ్చేవాళ్లు కట్టేస్తారు, విరిగిన బోర్డుకి అతుకులేసి ఆడుకునే మా పల్లె పిల్లలు ఒడ్డునే ఉండిపోతారు. దాని బదులు మా కుర్రాళ్లల్లో నలుగురికి ప్రాణరక్షణ శిక్షణ ఇప్పించండి. గోవాలో కేంద్ర ప్రభుత్వ జలక్రీడల సంస్థ ఉంది, అక్కడికి పంపవచ్చు. జీతం ఇచ్చి బీచ్‌లో నిలబెట్టండి. నీళ్లు ఎటు లాగుతున్నాయో మా వాళ్లు ఒడ్డు మీద నిలబడి చెబుతారు, మునిగేవాణ్ణి ఇప్పుడు కూడా లాగేది వాళ్లే, జీతం లేకుండా. ఎవరికి వంతో చెప్పే హక్కు కూడా వాళ్లకే ఇవ్వండి. ఊరివాడు కాబట్టి ఊరివాడికే కెరటం ఇస్తాడేమో అని మీకు అనుమానం రావచ్చు, న్యాయమైన అనుమానమే. అందుకే నియమం బోర్డు మీద రాసి ఉండాలంటున్నాను. రాసి ఉంటే మా వాణ్ణి కూడా ఆపవచ్చు, ఆ ఫాయిల్ ఆయన మీద మా వాళ్లు చెయ్యి చేసుకోబోయినప్పుడు కూడా ఆపగలిగేవాళ్లం.

ఆయన మర్నాడు ఆస్పత్రికి వచ్చాడు, మందుల ఖర్చు ఇచ్చాడు, మా అక్కకి చేతులు జోడించాడు. చెడ్డ మనిషి కాదు. మా వాడు నెలన్నర తర్వాత మళ్లీ నీళ్లల్లో దిగాడు కానీ ఇప్పుడు కెరటం పట్టుకునే ముందు మూడు సార్లు వెనక్కి చూస్తున్నాడు, అలా చూసేలోపు కెరటం వెళ్లిపోతోంది.

ఆ సూచనల బోర్డు పెట్టిస్తే లైట్‌హౌస్ వైపు నుంచి ఇసుకలోకి దిగే చోట, పోటు నీళ్లు వచ్చే గీతకి బాగా పైన పెట్టించండి. రేకు మీద వద్దు, ఉప్పు గాలికి ఏడాదిలో తుప్పు పట్టి అక్షరాలు పోతాయి, సిమెంటు పలక మీద చెక్కించండి. దిమ్మె లోతుగా వేయించండి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు రెండూ మాకు అక్టోబర్‌లోనే వచ్చాయి, కాబట్టి పని సెప్టెంబర్‌లోపు అయితే మంచిది. తెలుగు అక్షరాలు రాసేటప్పుడు తప్పులు లేకుండా చూడడానికి నేను వస్తాను, డబ్బులేం అక్కర్లేదు.

ఇట్లు,
గోపాల్‌పూర్ తీరంలో పిల్లలకి సర్ఫింగ్ నేర్పే ఒక నోళియా